అడిడాస్ చిహ్నం

అడిడాస్ చిహ్నం జర్మనీకి చెందిన క్రీడా దుస్తులు, బూట్ల తయారీ సంస్థ అడిడాస్ తన ఉత్పత్తులపై వాడే వ్యాపార చిహ్నం (ట్రేడ్ మార్కు). 1949లో బూటు పక్క భాగాన కుట్టిన మూడు పట్టీలతో ఈ చిహ్నం చరిత్ర మొదలైంది. తరువాత అది 1970వ దశకంలో మూడాకుల గుర్తుగా, 1990వ దశకంలో ఏటవాలు మెట్ల వంటి ఆకారంగా, ఆపై మరికొన్ని రూపాలుగా మారింది. రూపాలు ఎన్ని మారినా మూడు చారలను మాత్రం సంస్థ విడిచిపెట్టలేదు. పలక పట్టిన పిల్లవాడు కూడా గీయగల మూడు గీతలు ఒక సంస్థకు సొంత ఆస్తి ఎలా అవుతాయి, ఎంతవరకు అవుతాయి అన్న ప్రశ్న ఈ చిహ్నం చరిత్ర అంతటా కనిపిస్తుంది. దీనిపై ఐరోపా, అమెరికా న్యాయస్థానాలు ఒకదానికొకటి పొసగనట్లు కనబడే తీర్పులు ఇచ్చాయి.

పేరు

సంస్థ స్థాపకుడు అడాల్ఫ్ డాస్లర్ (1900-1978). ఇతని స్వస్థలం జర్మనీలోని బవేరియా ప్రాంతంలో హెర్జోగెనౌరాఖ్ అనే చిన్న పట్టణం. ఇతనిని అందరూ ముద్దుగా "ఆడి" అని పిలిచేవారు. ఆ ముద్దుపేరుకు, ఇంటిపేరులో రోమన్ లిపి ప్రకారం వచ్చే మొదటి మూడు అక్షరాలను చేర్చగా సంస్థ పేరు ఏర్పడింది. రోజంతా ఆటల గురించే కలగంటాను అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యంలోని మొదటి అక్షరాల కూర్పే ఈ పేరు అని విద్యార్థులలో ఒక ప్రచారం ఉన్నది. అది తరువాత ఎవరో కల్పించినదే కాని నిజం కాదు.

చిహ్నంలో పేరును రోమన్ లిపి చిన్న అక్షరాలలోనే రాస్తారు, మొదటి అక్షరం కూడా పెద్దది కాదు. తెలుగు లిపిలో ఇటువంటి భేదం లేదు కనుక తెలుగు పాఠకుల దృష్టి ఈ విషయం మీదకు సాధారణంగా పోదు.

సోదరుల విభేదం

అడాల్ఫ్, అతని అన్న రుడాల్ఫ్ కలిసి 1924లో "డాస్లర్ సోదరుల బూట్ల కర్మాగారం" స్థాపించారు. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో నాలుగు స్వర్ణ పతకాలు గెలిచిన అమెరికా పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ వీరి బూట్లు వాడాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అన్నదమ్ముల మధ్య వైరం ముదిరింది. 1948లో ఇద్దరూ విడిపోయారు. రుడాల్ఫ్ అదే ఊరిలో ప్యూమా సంస్థను నెలకొల్పాడు. అడాల్ఫ్ 1949 ఆగస్టు 18న తన సంస్థను నమోదు చేయించాడు. ఊరి నడుమ పారే అవురాఖ్ నదికి ఇరువైపులా రెండు కర్మాగారాలు వెలిశాయి. ఊరివారు ఎదుటి మనిషితో మాట కలిపే ముందు తల వంచి అతని కాళ్ళకు ఏ బూట్లు ఉన్నవో చూసేవారట. అందువల్ల ఆ పట్టణానికి "మెడలు వంచిన ఊరు" అనే పరిహాస నామం కలిగింది. బూటు మీది గుర్తును బట్టి మనిషి ఏ పక్షం వాడో తెలుసుకొనడం ఆ విధంగా మొదట ఆ ఊరిలోనే జరిగింది.

చారల పుట్టుక

చారలు మొదట అలంకారం కోసం పుట్టినవి కావు. పరుగెత్తేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు పాదం పక్కలకు ఒత్తుతుంది. ఆ ఒత్తిడికి తోలు సాగి బూటు వదులవుతుంది. దానిని అరికట్టడానికి బూటు నడిమి భాగంలో లేసుల దగ్గర నుండి అడుగు వరకు తోలు పట్టీలు అదనంగా కుట్టేవారు. ఈ పని చాలామంది తయారీదారులు చేసినదే. ఆ పట్టీలకు బూటు రంగుకు భిన్నమైన రంగు వేసి, దూరానికి కూడా కనబడేటట్లు చేయడంలోనే డాస్లర్ నేర్పు ఉన్నది. నల్లని బూటు మీద మూడు తెల్లని పట్టీలు పత్రికల ఫొటోలలో స్పష్టంగా తెలిసేవి. పేరు చదవలేనంత దూరం నుండి కూడా బూటు ఎవరిదో చెప్పవచ్చును.

సంస్థ తొలి చిహ్నంలో మూడు చారలు నేరుగా లేవు. పేరులోని రెండు "డి" అక్షరాల నిలువు గీతలను పైకి సాగదీసి, వాటి నడుమ ఒక ముళ్ళ బూటు బొమ్మను వేశారు. ఆ బొమ్మలోని బూటు మీద మాత్రం మూడు చారలు ఉన్నాయి.

ఈ చారలకు ఫిన్లాండ్‌తో కూడా సంబంధం ఉన్నది. 1916లో మొదలైన కార్హు అనే ఫిన్లాండ్ సంస్థ అంతకు ముందే తన బూట్ల మీద మూడు చారలు వాడుతుండేది (ఫిన్నిష్ భాషలో కార్హు అనగా ఎలుగుబంటి). 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఆ బూట్లు ధరించిన క్రీడాకారులు పతకాలు గెలిచారు. తరువాత కార్హు మూడు చారల హక్కును అడిడాస్‌కు అమ్మివేసింది. ఇప్పటి లెక్కలో 1,600 యూరోలకు సమానమైన సొమ్ము, రెండు విస్కీ సీసాలు దాని వెల అని కార్హు వారు చెబుతారు. కార్హు ఆ తరువాత "ఎం" అక్షరాన్ని తన గుర్తుగా చేసుకొన్నది. ఫిన్నిష్ భాషలో విజేత అనే అర్థమిచ్చే "మెస్తారి" అనే పదానికి అది మొదటి అక్షరం. మూడు చారలు ఎవరి బుర్రలోనో మెరిసిన ఊహ మాత్రమే కాదని, కొనుగోలు చేసిన ఆస్తి కూడా అని ఈ ఉదంతం తెలుపుతుంది. తరువాతి కాలంలో ఇదే ఆస్తి కోసం అడిడాస్ న్యాయస్థానాలలో వెచ్చించిన సొమ్ముతో పోలిస్తే ఆ వెల ఏపాటిదీ కాదు.

1954 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ తుదిపోటీలో పశ్చిమ జర్మనీ 3-2తో హంగేరిని ఓడించింది. నాడు వర్షం పడింది. జర్మనీ ఆటగాళ్ళు మరలతో బిగించే మేకులున్న అడిడాస్ బూట్లు ధరించారు. ఈ విజయంతో మూడు చారలు ప్రపంచానికి తెలిశాయి. ఆ కాలంలో ప్రకటనలలో సంస్థ తనను తాను "మూడు చారల సంస్థ" అని చెప్పుకొన్నది. 1967లో ఫ్రాంజ్ బెకెన్‌బాయర్ పేరిట ట్రాక్ సూటును విడుదల చేయడంతో చారలు బూటు నుండి చొక్కా చేతుల మీదకు, ప్యాంటు అంచుల మీదకు పాకాయి. బూటు మీద చారకు ఒక పని ఉన్నది. బట్ట మీద చారకు గుర్తుగా ఉండడమే పని. తరువాత వచ్చిన వివాదాలలో చాలావాటికి మూలం ఈ మార్పులోనే ఉన్నది.

రెండు చారల చొక్కా

1974 ప్రపంచ కప్పులో నెదర్లాండ్స్ జట్టు అడిడాస్ దుస్తులు ధరించింది. ఆ జట్టు నాయకుడు యోహాన్ క్రైఫ్‌కు మాత్రం ప్యూమా సంస్థతో ఒప్పందం ఉన్నది. పోటీ సంస్థ గుర్తును ఒంటి మీద వేసుకొనడానికి అతను ఒప్పుకోలేదు. చివరకు అతని చొక్కా మీద ఒక చార తీసివేసి రెండు చారలే ఉంచారు. జట్టులోని మిగిలిన వారందరూ మూడు చారలతో, 14వ సంఖ్య వేసుకొన్న నాయకుడు రెండు చారలతో ఆడారు. ఒక్క చార తగ్గితే అది ఇక అడిడాస్ కాదని ఇరుపక్షాలూ ఆనాడు ఒప్పుకొన్నట్లే. దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత ఇతర సంస్థలు రెండు చారలు వేసినప్పుడు అడిడాస్ వాదన దీనికి పూర్తిగా భిన్నంగా ఉండడం గమనించదగినది.

మూడాకుల చిహ్నం

1970 నాటికి సంస్థ బూట్లతో పాటు దుస్తులు, బంతులు, సంచులు కూడా తయారు చేస్తున్నది. బంతి మీద, సంచి మీద ఒక చిన్న గుర్తు కావలసి వచ్చింది. వందకు పైగా నమూనాలు పరిశీలించి, 1971లో మూడాకుల చిహ్నాన్ని (ట్రెఫాయిల్) ఎంపిక చేశారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడల సంవత్సరంలో అది ప్రజల ముందుకు వచ్చింది. అడుగున ఒకటిగా కలిసి పైకి విచ్చుకొన్న మూడు ఆకులు, వాటి కింది భాగాన్ని అడ్డంగా కోసుకుంటూ పోయే మూడు చారలు, వాటి కింద పేరు - ఇదీ దాని రూపం. మూడు ఆకులు మూడు భూభాగాలకు సంకేతమని వివరిస్తారు. మారేడు దళం ఎరిగిన తెలుగువారికి ఈ ఆకారం కొత్తగా తోచదు.

1970, 80 దశకాలలో ఆటస్థలం దాటి వీధులలోకి, సంగీత ప్రదర్శనలలోకి వెళ్ళిన అడిడాస్ గుర్తు ఇదే. 1986లో న్యూయార్క్‌కు చెందిన రన్-డి.ఎమ్.సి. అనే ర్యాప్ బృందం తమ అడిడాస్ బూట్ల మీదనే ఒక పాట పాడింది.

పర్వతం వంటి చిహ్నం

1980వ దశకం చివరికి సంస్థ కష్టాలలో పడింది. అడాల్ఫ్ 1978లోను, అతని భార్య కేథె 1984లోను, కుమారుడు హోర్స్ట్ 1987లోను మరణించారు. 1990లో ఫ్రాన్సు వ్యాపారవేత్త బెర్నార్ తాపీ సంస్థను కొన్నాడు. మార్కెట్టులో నైకీ, రీబాక్ సంస్థలు ముందుకు దూసుకుపోయాయి. మూడాకుల గుర్తు పెద్దగా నాణ్యత లేని చవక బట్టల మీద కూడా కనబడుతూ ఆటగాళ్ళ దృష్టిలో విలువ కోల్పోయింది.

ఈ దశలో, నైకీలో పనిచేసి బయటకు వచ్చిన రాబ్ స్ట్రాసర్, పీటర్ మూర్ అనే ఇద్దరు అడిడాస్‌కు సలహాదారులుగా వచ్చారు. నైకీలో ఎయిర్ జోర్డాన్ బూట్లకు రూపకల్పన చేసినవాడు ఈ మూరే. కేవలం ఆటగాళ్ళ అవసరాల కోసం "ఎక్విప్‌మెంట్" అనే ప్రత్యేక శ్రేణిని తయారు చేయాలని వారు సూచించారు. 1991లో వచ్చిన ఆ శ్రేణికి మూర్ కొత్త గుర్తు గీశాడు. ఏటవాలుగా ఉన్న మూడు పట్టీలు ఒకదాని కంటె ఒకటి ఎత్తుగా నిలబడి త్రికోణాకారం ఏర్పరుస్తాయి. బూటు పక్కన చారలు ఏ వాలులో ఉంటాయో ఈ పట్టీలదీ అదే వాలు. ఎక్కవలసిన పర్వతానికి, ఎదుర్కొనవలసిన సవాలుకు ఇది సంకేతమని తరువాత వ్యాఖ్యానించారు. పర్వతం మాట ఎలా ఉన్నా, మూర్ చేసిన పని ముఖ్యంగా చారలను ఆకుల పొత్తు నుండి విడదీసి మళ్ళీ బూటు దగ్గరకు తేవడమే. 1997 నుండి ఇది మొత్తం సంస్థకు ప్రధాన చిహ్నం అయింది.

మూడాకుల గుర్తును పారవేయలేదు. 2001 నుండి పాత నమూనాలను తిరిగి తయారు చేసే "ఒరిజినల్స్" విభాగానికి దానిని కేటాయించారు. ఇంటిలో పాత ఇత్తడి పాత్రలను అటకెక్కించి, కొన్నేళ్ళకు వాటికే గిరాకీ వచ్చినప్పుడు కిందికి దించినట్లు జరిగింది.

తరువాతి మార్పులు

2002లో గుండ్రని బంతి మీద మూడు వంపు చారలున్న గుర్తు ఫ్యాషన్ దుస్తుల కోసం వచ్చింది. 2005లో పేరు పక్కన మూడు అడ్డచారలు మాత్రమే ఉన్న సాదా రూపాన్ని సంస్థాపరమైన అవసరాలకు స్వీకరించారు. 2022లో పర్వతం వంటి చిహ్నం కింద ఉన్న పేరును తీసివేసి, మూడు పట్టీలను మాత్రమే వాడడం మొదలుపెట్టారు. పేరు లేకుండానే గుర్తుపడతారన్న నమ్మకం దీని వెనుక ఉన్నది.

న్యాయస్థానాలలో మూడు చారలు

వ్యాపార చిహ్నం చట్టానికి ఒక మౌలిక సూత్రం ఉన్నది. చిహ్నం చూడగానే కొనుగోలుదారునికి వస్తువు ఫలానా సంస్థది అని తోచాలి. సరళమైన గీతలకు, రంగులకు ఈ శక్తి పుట్టుకతో ఉండదు. ఏళ్ళ తరబడి వాడకం వల్ల, ప్రచారం వల్ల మాత్రమే అది అబ్బుతుంది. అబ్బినదని నిరూపించవలసిన భారం సంస్థదే.

2003లో ఫిట్‌నెస్‌వరల్డ్ అనే సంస్థ రెండు చారల దుస్తులపై వచ్చిన వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం, ప్రజలు చారలను కేవలం అలంకారంగానే చూసి మరొక సంస్థను తలచుకోకపోతే అది హక్కుల ఉల్లంఘన కాదని చెప్పింది. 2008లో అదే న్యాయస్థానం మరొక రెండు చారల వివాదంలో భిన్నమైన అంశం తేల్చింది. చారలు ఇతర వ్యాపారులకు కూడా కావాలి కదా అనే వాదనను, ఉల్లంఘన జరిగినదా లేదా అని నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోరాదని పేర్కొన్నది. 2008లోనే అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జ్యూరీ, రెండు, నాలుగు చారల బూట్లు అమ్మిన పేలెస్ సంస్థ అడిడాస్‌కు 30 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. తరువాత న్యాయమూర్తి దానిని సుమారు 6.5 కోట్ల డాలర్లకు తగ్గించాడు. క్రైఫ్ చొక్కా మీద అడిడాస్ కానిదైన రెండు చారలు, పేలెస్ బూటు మీద అడిడాస్‌కు దగ్గరైనవిగా తేలాయి.

అడిడాస్‌కు పెద్ద ఎదురుదెబ్బ 2019 జూన్ 19న తగిలింది. ఏ దిశలోనైనా, వస్తువు మీద ఎక్కడైనా సమాన దూరంలో ఉండే మూడు సమాంతర చారల మీద సంస్థ 2014లో పొందిన నమోదు చెల్లదని ఐరోపా సమాఖ్య సాధారణ న్యాయస్థానం ప్రకటించింది. బెల్జియంకు చెందిన ఒక బూట్ల సంస్థ అభ్యంతరంపై 2016లోనే సమాఖ్య కార్యాలయం ఆ నమోదును రద్దు చేసింది, న్యాయస్థానం దానిని సమర్థించింది. తీర్పుకు ఆధారమైన కారణాలు ఆసక్తికరమైనవి. నమోదులో చారలు తెల్లని నేపథ్యం మీద నల్లగా ఉన్నాయి. అడిడాస్ సమర్పించిన సాక్ష్యాలలో అనేకం నల్లని నేపథ్యం మీద తెల్ల చారలవి. అవి వేరే రూపాలు కనుక వాటిని పరిగణించలేదు. మిగిలిన సాక్ష్యాలలో ప్రజల గుర్తింపుకు సంబంధించినవి ఐదు సభ్యదేశాలకే పరిమితం కాగా, మొత్తం సమాఖ్యలో గుర్తింపు ఉన్నట్లు చూపవలసి ఉన్నది. అయితే ఈ తీర్పుతో మూడు చారలు అందరి సొత్తు అయిపోయాయని కొన్ని పత్రికలు రాసినది సరికాదు. బూటు మీద నిర్దిష్ట స్థానంలో ఉండే చారల నమోదులు అలాగే కొనసాగాయి. రద్దయినది ఎక్కడైనా ఎలాగైనా అన్న విశాలమైన హక్కు ఒక్కటే.

అమెరికాలో టామ్ బ్రౌన్ అనే ఫ్యాషన్ రూపకర్త సంస్థతో జరిగిన వివాదం కూడా చెప్పుకోదగినది. మొదట అతను మూడు పట్టీలు వాడగా, 2007లో అడిడాస్ అభ్యంతరం చెప్పింది. దానితో అతను నాలుగు పట్టీలకు మారాడు. 2021లో అడిడాస్ ఆ నాలుగింటి మీద కూడా దావా వేసింది. 2023 జనవరిలో న్యూయార్క్ జ్యూరీ బ్రౌన్ పక్షాన తీర్పు ఇచ్చింది, 2024లో పై న్యాయస్థానం దానిని నిలబెట్టింది. 2023 మార్చిలో నల్లజాతి హక్కుల ఉద్యమానికి చెందిన ఒక సంస్థ మూడు చారల గుర్తు నమోదుకు పెట్టుకొన్న దరఖాస్తును అడిడాస్ వ్యతిరేకించి, రెండు రోజులు గడవకముందే అభ్యంతరాన్ని ఉపసంహరించుకొన్నది. చట్టం ఇచ్చిన హక్కునైనా ఎక్కడ వాడాలో, ఎక్కడ మానుకోవాలో లోకం కూడా నిర్ణయిస్తుంది.

భారతదేశంలో పేరు మీద జరిగిన ఒక వ్యాజ్యం 2024లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానంలో ముగిసింది. అడిడాస్ అనే పేరుతో వస్త్రవ్యాపారం చేసిన ఒక వ్యాపారి, సింధీ భాషలో "ఆది" అంటే అక్క అని, తన అక్క మీది భక్తితో ఆమెకు దాసుడననే అర్థంలో ఈ పేరు పెట్టుకొన్నానని వాదించాడు. న్యాయస్థానం ఈ వివరణను అంగీకరించక, ఆ పేరు వాడరాదని శాశ్వత నిషేధం విధించింది. బూటు పేరును "ఆదిదాసు" అని పలికే తెలుగు పల్లెలలో ఈ వాదన విని నవ్వుకొనేవారు ఉంటారు, కొంత సానుభూతి చూపేవారూ ఉంటారు.

తెలుగునాట

మూడు గీతలు తెలుగు నేల మీద కొత్త గుర్తు కాదు. మూడు అడ్డగీతల విభూతి శైవులకు, మూడు నిలువు గీతల నామం వైష్ణవులకు గుర్తు. జగ్గయ్యపేట మండలంలో కృష్ణానది ఒడ్డునే ఉన్న ముక్త్యాల ముక్తేశ్వరాలయంలో మొదటిదానిని, వేదాద్రి నరసింహస్వామి ఆలయంలో రెండవదానిని భక్తుల నుదుట చూడవచ్చును. ఉడుత వీపు మీది మూడు చారలు శ్రీరాముని వేళ్ళ గుర్తులని పిల్లలకు కథ చెప్పని ఇల్లు అరుదు. ఇటువంటి గుర్తులు ఏ ఒక్కరి సొత్తూ కావు. బూటు మీద, చొక్కా మీద వ్యాపారంలో వాడినప్పుడే హక్కుల ప్రశ్న తలెత్తుతుంది.

అడిడాస్ భారతదేశంలో 1989లో బాటా సంస్థకు లైసెన్సు ఇవ్వడం ద్వారా ప్రవేశించింది, 1996లో మళ్ళీ వ్యాపారం మొదలుపెట్టింది. అసలు బూటు వెల సామాన్యునికి అందుబాటులో లేకపోవడంతో నకళ్ళు విస్తరించాయి. విజయవాడ - హైదరాబాదు జాతీయ రహదారి మీది నందిగామ, జగ్గయ్యపేట వంటి పట్టణాలలో రెండు, మూడు, నాలుగు చారల బూట్లు, ట్రాక్ ప్యాంట్లు దుకాణాల ముందు వేలాడుతూ కనబడడం మామూలే. పాఠశాల క్రీడల దినానికి తెల్ల చారల ప్యాంటు కొనే తండ్రికి చారల లెక్కతో పని లేదు. అయితే భారతదేశపు 1999 నాటి వ్యాపార చిహ్నాల చట్టం ఇతరుల చిహ్నాన్ని తప్పుగా వాడడాన్ని, అటువంటి సరుకు అమ్మడాన్ని నేరంగా పరిగణించి, ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. సాదా నాలుగు చారల ప్యాంటు ఈ పరిధిలోకి వస్తుందా రాదా అన్నది ప్రతి వ్యాజ్యంలోను విడిగా తేలవలసిన విషయం. పేరుతో సహా నకలు చేస్తే మాత్రం సందేహానికి తావు లేదు.

2023 జూన్ నుండి భారత క్రికెట్ జట్టు దుస్తులు అడిడాస్ తయారీవి. ఆ ఏడాది ప్రపంచ కప్పు పోటీలలో భుజాల మీది మూడు చారలకు తెలుపు బదులు జాతీయ పతాకపు మూడు రంగులు వేశారు. ఒక సంస్థ గుర్తు, ఒక దేశపు గుర్తు ఒకే చోట కలిసిపోయిన ఈ చొక్కాకు నకళ్ళు కూడా వెంటనే వీధులలోకి వచ్చాయి.

అసలైన మూడు చారల బూట్లు ఆంధ్రప్రదేశ్‌లోనే తయారవుతున్న సంగతి చాలామందికి తెలియదు. తడ మండలం మాంబట్టులో (నాడు నెల్లూరు జిల్లా, 2022 నుండి తిరుపతి జిల్లా) అపాచీ సంస్థ 2006 నుండి అడిడాస్ కోసం బూట్లు తయారు చేస్తున్నది. ఇక్కడి కార్మికులలో చుట్టుపక్కల గ్రామాల మహిళలే ఎక్కువ. ఇదే వర్గానికి చెందిన మరొక కర్మాగారానికి 2022 జూన్‌లో శ్రీకాళహస్తి సమీపంలోని ఇనగలూరులో శంకుస్థాపన జరిగింది.